నైట్రేట్ 80 దగ్గరే నిలిచిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. ఏడాదిన్నరగా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెంచుతున్నాను. ట్యాంకు నాలుగడుగులు, రాళ్లూ ఇసుకా పోను నీళ్లు 200 లీటర్లు ఉంటాయి. కింద చిన్న సంప్ (ట్యాంకు నీళ్లు దిగి వడపోతయ్యే తొట్టి), అందులో స్కిమ్మర్ (మురికిని నురగగా తీసే పరికరం), పక్కన ఒక క్యానిస్టర్ (మూసి ఉండే డబ్బా) ఫిల్టర్. అడుగున రెండంగుళాల మందాన ముతక కోరల్ ఇసుక వేశాను. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక యెల్లో ట్యాంగ్, రెండు డామ్సెల్స్, కొన్ని జోయాంథిడ్స్, ఒక లెదర్ కోరల్ (ఇవి పగడాల కోవ జీవులు) ఉన్నాయి. పొద్దున నేను, సాయంత్రం అమ్మ ఫుడ్ వేస్తాం. ప్రతి ఆదివారం 20 లీటర్లు మారుస్తాను. నీళ్లు వంటింటి ఆర్‌ఓ నుంచి పడతాను, టీడీఎస్ 110 చూపిస్తుంది. మా అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లే. ఎంత మార్చినా ఆరు నెలలుగా నైట్రేట్ 80 పీపీఎం (లీటరుకు 80 మిల్లీగ్రాములు) నుంచి దిగడం లేదు. జోయాంథిడ్స్ ముడుచుకుపోతున్నాయి, రాళ్ల నిండా పీచు నాచు. షాపాయన ఫిల్టర్‌లో వేసే, నైట్రేట్ తీసే మీడియా (వడపోత సరుకు) కొనమంటున్నారు, ఇంకొకరు ఇసుక ఆరంగుళాలు పోయమంటున్నారు, ఒక ఫ్రెండ్ రామేశ్వరం నుంచి లైవ్ రాక్ (బ్యాక్టీరియా నిండిన సముద్రపు రాయి) తెప్పిస్తానంటున్నాడు, మరొకరు వోడ్కా పోయమన్నారు. టెన్షన్‌గా ఉంది. సహజంగా తగ్గించే దారి ఏదైనా ఉందా? ఇంకో చేప కూడా కొందామనుకుంటున్నాను, కొనొచ్చా?

జవాబు: మీ జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. 200 లీటర్లలో 20 మారుస్తున్నారు, అంటే పదోవంతు. 80లో పదోవంతు 8. ఆదివారం 80 కాస్తా 72కి దిగుతుంది, వచ్చే ఆదివారానికి మళ్లీ 80. ఆరు నెలలుగా అంకె కదలడం లేదంటే మీ ట్యాంకులో వారానికి 8 పీపీఎం కొత్తగా చేరుతోందని అర్థం. జమ ఎనిమిది, ఖర్చు ఎనిమిది. నైట్రేట్ మొండికేసి కూర్చోలేదు, ఖాతా సరిగ్గా సరిపోతోంది, అంతే.

వారానికి వచ్చేదాన్ని మీరు మార్చే నీటి వంతుతో భాగిస్తే ట్యాంకు ఎక్కడ నిలబడుతుందో తెలిసిపోతుంది. 8ని పదోవంతుతో భాగిస్తే 80. ఇప్పటి రాబడి ఇలాగే ఉంచి 20 శాతం నీళ్లు మార్చారనుకోండి, కొన్ని వారాలకు 40 దగ్గర ఆగుతుంది. ఉప్పు ఖర్చు మాత్రం రెట్టింపు. అదే రాబడిని 3కి తగ్గించి 15 శాతం మారిస్తే 20 దగ్గర ఆగుతుంది. అందుకే ముందు రాబడి సంగతి చూద్దాం. నాచులు, బ్యాక్టీరియా, ఇసుక అన్నీ ఆ తర్వాత.

అంతకన్నా ముందు, ఆ 80 నిజంగా 80యేనా? రెండు సీసాల కిట్ వాడుతుంటే రెండో సీసాలోని రసాయనం అడుగున గట్టిపడుతుంది. అర నిమిషం గట్టిగా ఊపకపోతే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పైగా కార్డు మీద 40కీ 80కీ ఉన్న ఎరుపు తేడా ట్యూబ్‌లైట్ కింద ఎవరికీ తెలీదు. ఒక వంతు ట్యాంకు నీళ్లకు మూడు వంతులు నైట్రేట్ లేని నీళ్లు కలిపి పరీక్ష చేసి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి. తక్కువ అంకెల దగ్గర రంగులు స్పష్టంగా విడిపోతాయి. కొన్ని కిట్లు, రొయ్యల ల్యాబుల రిపోర్టులు నైట్రేట్‌ను కాకుండా నైట్రేట్-నైట్రోజన్‌ను చూపిస్తాయి. దాన్ని 4.4తో గుణిస్తే మనం మాట్లాడుకునే నైట్రేట్ వస్తుంది. మీది ఏ రకమో పెట్టె మీద చూడండి. పై లెక్కలో 80 బదులు 60 వచ్చినా చేయాల్సిన పనులు అవే.

ఇప్పుడు మీ నీళ్లు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే అనుమానంగా తోచింది ఆ టీడీఎస్ 110. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ప్రమాణం. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లు ఆ గీత దాటి ఉన్నాయని కేంద్ర భూగర్భ జల మండలి పరీక్షల్లో తేలింది. ఎరువులు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు, అన్నీ కలిసి భూమిలోకి ఇంకుతాయి కదా. ఆర్‌ఓ పొర చాలా లవణాలను ఆపుతుంది కానీ నైట్రేట్‌ను వాటంత గట్టిగా ఆపలేదు. దానికి తోడు వంటింటి ప్యూరిఫైయర్లలో రుచి కోసం కొంత నీటిని పొర దాటించకుండా పక్కదారిలో తెచ్చి కలిపే చిన్న స్క్రూ ఉంటుంది. మీ 110 అక్కడి నుంచే వస్తుండొచ్చు. తాగడానికి ఆ నీళ్లు బాగానే ఉంటాయి, ట్యాంకుకు పనికిరావు.

లెక్క వేసి చూద్దాం. ఆ నీళ్లలో నైట్రేట్ 15 ఉందనుకుందాం. వారానికి 20 లీటర్ల మార్పు, రోజుకు రెండు లీటర్ల చొప్పున ఆవిరి భర్తీకి మరో 14. మొత్తం 34 లీటర్లతో 510 మిల్లీగ్రాముల నైట్రేట్‌ను మీ చేత్తో మీరే పోస్తున్నారు. 200 లీటర్లలో అది రెండున్నర పీపీఎం. మీ ఎనిమిదిలో దాదాపు మూడో వంతు! పైగా ఆవిరయ్యేది నీరు ఒక్కటే, నైట్రేట్ ట్యాంకులోనే ఉండిపోతుంది. ఎండాకాలంలో ఫ్యాను పెట్టి చల్లబరుస్తుంటే ఇది ఇంకా ఎక్కువ.

కాబట్టి ఈ సాయంత్రమే చేయాల్సిన పని ఒకటుంది: ఉప్పు కలపని ఆ ఆర్‌ఓ నీటికి నైట్రేట్ టెస్ట్ చేయండి. సున్నా వస్తే నా అనుమానం తప్పు, హాయిగా ముందుకెళ్లండి. గులాబీ రంగు తేలినా సరే, పొర తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) కార్ట్రిడ్జ్ ఉన్న అక్వేరియం ఆర్‌ఓ వేరేగా పెట్టుకోండి. టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఒకటి రెండుకు రాగానే రెసిన్ మార్చేయాలి, చివరిదాకా పిండుకోవద్దు.

తర్వాత ఫుడ్. ట్యాంకులో పుట్టే నైట్రేట్ దాదాపు అంతా ప్రొటీన్ నుంచే వస్తుంది. చేప తిన్న ప్రొటీన్ చాలావరకు మొప్పల నుంచి అమోనియాగా బయటికొస్తుంది. దాన్ని ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మామూలు ఫిల్టర్లలో కథ అక్కడే ఆగిపోతుంది. ప్రొటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం. సగం ప్రొటీన్ ఉన్న పొడి ఫుడ్ ఒక గ్రాము వేస్తే, అదంతా కరిగిపోయినప్పుడు 350 మిల్లీగ్రాముల దాకా నైట్రేట్ అవుతుంది. మీ ట్యాంకులో అది 1.75 పీపీఎం. ఒక్క గ్రాము! స్కిమ్మర్ కొంత లాగేస్తుంది, చేప ఒంటికి కొంత పడుతుంది, అయినా వేలితో చిటికెడు తీసి వేసేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లో ఇద్దరు ఫుడ్ వేసేచోట ఇద్దరూ కాస్త ఎక్కువే వేస్తారు. అమ్మగారిని వేయొద్దనకండి, సాయంత్రం చేపలు అద్దం దగ్గరికి రావడం ఆవిడకు సరదా అయ్యుంటుంది. మాత్రలు పెట్టుకునే ఏడు గళ్ల డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం వంటింటి చిన్న త్రాసు మీద తూచి, ఒక్కో గడిలో ఒక్కో రోజుది పోసి, డబ్బా ఆవిడకే ఇవ్వండి. పొద్దుటి వంతు మానేయండి. ఐదు చేపలకు రోజుకు అరగ్రాము లోపు పొడి ఫుడ్ చాలు. ట్యాంగ్‌కు ఎండు నోరి (సముద్రపు నాచు) ముక్క క్లిప్‌కు పెట్టి, మిగిలింది సాయంత్రానికి తీసేయాలి. ఫ్రోజెన్ మైసిస్, బ్రైన్ ష్రింప్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) వాడుతుంటే టీ వడపోసే జాలీలో కరగనిచ్చి, ఆ రసం సింకులో పారబోసి ముక్కలు మాత్రమే వేయండి.

మీ క్యానిస్టర్ గురించి. అది చెడ్డది కాదు, కానీ మూత పెట్టి ఉంటుంది కాబట్టి ఎవరూ తెరవరు. లోపలి స్పాంజీలో రెట్టలు, ఫుడ్ ముక్కలు ఇరుక్కుని వారాల తరబడి కుళ్లుతుంటాయి. చివరిసారి ఎప్పుడు తెరిచారో గుర్తుకు రాకపోతే జవాబు మీకే తెలుసు. మీకు సంప్, రాళ్లు ఉన్నాయి కాబట్టి నేనైతే దాన్ని తీసేస్తాను. ఒక్కసారిగా కాదు, అందులో అమోనియాను చూసుకునే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. వారానికి కొంత మీడియా చొప్పున నెల రోజుల్లో ఖాళీ చేసి, మధ్యమధ్య అమోనియా టెస్ట్ చేసుకుంటూ పోండి. సంప్‌లో ఫిల్టర్ సాక్ (నీళ్లు వడపోసే గుడ్డ సంచి) ఉంటే మూడు రోజులకోసారి ఉతకండి.

స్కిమ్మర్ కప్పులో ఏం పడుతోందో రాయలేదు. స్కిమ్మర్ నైట్రేట్‌ను తీయదు, నైట్రేట్ కాబోయే ప్రొటీన్‌ను ముందే నురగలో లాగేస్తుంది. కప్పులోకి డికాక్షన్ రంగు నీళ్లు చేరుతుండాలి. గొట్టం మెడ లోపల జిడ్డు పేరుకుంటే నురగ పైకెక్కదు, వారానికి రెండుసార్లు తుడవండి.

ఇసుక విషయంలో ఆరంగుళాల సలహా ఇచ్చినాయన చెప్పింది అబద్ధం కాదు. సన్నటి ఇసుక నాలుగు నుంచి ఆరంగుళాల లోతున ఉంటే అడుగున ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడి బ్యాక్టీరియా ఊపిరి కోసం నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, మిగిలిన నైట్రోజన్‌ను వాయువుగా వదిలేస్తుంది. అద్దం వెంబడి ఇసుకలో సన్నటి బుడగలు కనిపిస్తే అది ఆ పనే కావొచ్చు. మొనాకోలో జాన్ జోబెర్ ఇసుక కింద ఖాళీ అర ఉంచి, ఇదే సూత్రంతో ట్యాంకులు నడిపి చూపించారు. కానీ మీ దగ్గరున్నది రెండంగుళాల ముతక ఇసుక. లోతు చాలదు కాబట్టి నైట్రేట్ తినదు, సందులు పెద్దవి కాబట్టి మురికి మాత్రం బాగా పడుతుంది. దాని మీదే ఇంకో నాలుగంగుళాలు పోస్తే ఆ మురికిని పాతిపెట్టినట్టే. నల్లగా మారి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే వాయువు తయారవుతుంది. ఎప్పుడైనా ఒక రాయి జరిగి అది బయటికొస్తే చేపలకు ప్రమాదం. మీరు చేయాల్సింది దీనికి తలకిందులు: నీళ్లు మార్చే రోజు సైఫన్ గొట్టంతో ఇసుకలో మూడో వంతు శుభ్రం చేయండి, తర్వాతి వారం పక్క వంతు. ఒకేరోజు మొత్తం కెలకొద్దు.

లైవ్ రాక్ లోపలి రంధ్రాల్లోనూ ఇదే జరుగుతుంది. బెర్లిన్ పద్ధతి అని పేరు పడిన ఏర్పాటు మొత్తం మంచి రాళ్లు, బలమైన స్కిమ్మర్ మీదే నడుస్తుంది. అయితే రామేశ్వరం రాయి సంగతి మీ ఫ్రెండ్‌కి గట్టిగా చెప్పండి. ఆ రాళ్లు పగడాల అస్థిపంజరాలే. గల్ఫ్ ఆఫ్ మన్నార్ 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్కు, రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. అక్కడి నుంచి తేవడం, కొనడం రెండూ కేసులే. ఇసుక శుభ్రం చేస్తుందని ఎవరైనా సముద్రపు దోసకాయ అమ్మజూపినా అంతే, అదీ రక్షిత జీవే. రాళ్లు కావాలంటే తయారుచేసి అమ్మే సిరామిక్ రాళ్లు, రంధ్రాలున్న బ్లాకులు సంప్‌లో పెట్టుకోండి. లోపల బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెలలు పడుతుంది, తొందరపడి లాభం లేదు.

షాపాయన చెప్పిన మీడియా ఏదో పెట్టె వెనక చదవండి. నైట్రేట్ పట్టే రెసిన్ అయితే అది మంచినీటి ట్యాంకుల సరుకు. ఆ రెసిన్ నిండిపోయాక ఉప్పునీళ్లలో నానబెట్టి మళ్లీ ఖాళీ చేస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు 19 గ్రాముల క్లోరైడే ఉంటుంది. మరి ఆ నీళ్లలోనే వేసిన రెసిన్ ఏం పట్టుకుంటుంది?

మీ సంప్‌కు నేను చెప్పే సహజమైన మార్గం నాచు. కీటోమార్ఫా అని, గిన్నెలు తోమే పచ్చ పీచులా చిక్కుపడి పెరుగుతుంది, మన హాబీలో అందరూ కీటో అంటారు. సంప్‌లో ఒక అర ఖాళీ చేసి, దోసెడు కీటో వేసి, నీటి ప్రవాహానికి అది మెల్లగా దొర్లేలా చూడండి. ఒకేచోట కూర్చుంటే అడుగు భాగం కుళ్లి, తీసుకున్నది తిరిగి నీటిలోకే వదిలేస్తుంది. పైన మొక్కలు పెంచే ఎల్‌ఈడీ లైటు, రాత్రిపూట 12 గంటలు వెలగనివ్వండి. పైన ట్యాంకు లైట్లు ఆరినప్పుడు కింద నాచు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది కాబట్టి రాత్రి పీహెచ్ మరీ పడిపోదు. తెచ్చిన కీటోను ముందు ఒక బకెట్ ఉప్పునీళ్లలో దులపండి. చిన్న పీతలు, పురుగులు, ఎయిప్టేషియా (కుట్టే, ట్యాంకంతా పాకే చిన్న ఎనిమోన్) మొలకలు అందులోంచే ట్యాంకులోకి వస్తాయి.

నాచు నైట్రేట్‌ను మాయం చేయదు, తన ఒంట్లో దాచుకుంటుంది. అది ట్యాంకు దాటి బయటికి పోయేది మీరు కోసి పారేసినప్పుడే. పిండిన పచ్చి నాచు 100 గ్రాములు తీసేస్తే, ఉజ్జాయింపుగా ఒకటి రెండు గ్రాముల నైట్రేట్ పోయినట్టు. మీ ఎనిమిది పీపీఎం అంటే వారానికి 1.6 గ్రాములు. బాగా కుదురుకున్న కీటో మీ రాబడిలో పెద్ద వాటానే మోయగలదన్నమాట. అర నిండిందని కనిపించగానే సగం చింపి తీసేయండి, ట్యాంగ్‌కు ఒక కుచ్చు పెట్టినా తప్పు లేదు. మొదటి నెల ఏమీ జరగనట్టే ఉంటుంది. నెలన్నర దాటినా పెరగకపోతే లైటు చాలకపోవడం, లేదా ఫాస్ఫేట్ సున్నా అయిపోవడం చూడండి. ఫాస్ఫేట్ కొంచెమైనా లేకపోతే నాచు నైట్రేట్‌ను కూడా ముట్టదు.

కాలెర్పా అనే ఇంకో నాచు దీనికంటే అందంగా, వేగంగా పెరుగుతుంది. వద్దు. ఒక్కోసారి రాత్రికి రాత్రే బీజకణాలు వదిలి చచ్చిపోతుంది. పొద్దున్నకి నీళ్లు పాలలా తెల్లబడి, నెలలుగా దాచుకున్నదంతా ట్యాంకులోకే వచ్చేస్తుంది. అలాగే విశాఖ వెళ్లినప్పుడు బీచ్ రాళ్ల మీద పచ్చటి నాచు చూసి మనసు లాగుతుంది. అవి అలల దెబ్బకు అలవాటుపడినవి, మీ సంప్‌లో బతకవు, పైగా ఏయే జీవులను వెంట తెస్తాయో తెలీదు. మడ మొక్కలు నాటమని కూడా ఎవరో ఒకరు అంటారు. కోరింగలో అవి చేసే పని గొప్పదే, కానీ సంప్‌లో నాలుగు మొక్కలు ఏడాదికి నాలుగు ఆకులు వేస్తాయి. ఆ లెక్కన నైట్రేట్ తగ్గడం ఎప్పటికి?

ఇక వోడ్కా. నవ్వే మాట కాదది. బ్యాక్టీరియాకు కార్బన్ ఎక్కువగా దొరికితే అవి వేగంగా పెరుగుతూ నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ లాక్కుంటాయి, ఆ బ్యాక్టీరియాను స్కిమ్మర్ బయటికి తోస్తుంది. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో బెల్లం నీళ్లు చల్లడం వెనకున్నదీ ఈ ఆలోచనే. అక్కడ వాళ్ల గురి అమోనియా మీద, మనది నైట్రేట్ మీద. వోడ్కా అక్కర్లేదు, కిరాణా కొట్లో దొరికే రంగు, రుచి కలపని తెల్ల వెనిగర్ చాలు. కానీ ఇప్పుడే మొదలుపెట్టకండి. నీళ్లు, ఫుడ్, స్పాంజీ సరిచేసి, కీటో వేసి మూడు నెలలయ్యాక కూడా 25 పైనే ఉంటే అప్పుడు చూద్దాం. మొదలుపెడితే రోజుకు ఒకటిన్నర మిల్లీలీటరు, ఉదయం, స్కిమ్మర్ పంపు దగ్గర. వారానికోసారి కొద్దిగా పెంచుతూ పోవాలి. నీళ్లు మసకబారితే, రాళ్ల మీద తెల్లటి జిగురు కనిపిస్తే ఆపేయండి. అసలు భయం కరెంటు. బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి ఉన్నప్పుడు అర్ధరాత్రి పవర్ పోతే నీటిలోని ఆక్సిజన్‌ను అవే లాగేస్తాయి. ఇన్వర్టర్ మీద కనీసం ఒక ఎయిర్ పంపు నడిచే ఏర్పాటు లేకపోతే వెనిగర్ జోలికి పోకండి.

ఉన్న 80ని దించడానికి నాలుగు వారాలపాటు వారానికి 25 శాతం మార్చండి. 80, 60, 45, 34, 25 అనుకోండి, పుట్టే నైట్రేట్‌ను కలిపితే కొంచెం పైన ఆగుతుంది. తర్వాత 15 శాతానికి రండి. ఒకే రోజు మొత్తం నీళ్లు మార్చేసి పది చేయాలని చూడొద్దు. ఆరు నెలలు 80లో బతికిన కోరల్స్‌కు ఆ కుదుపు నైట్రేట్ కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. కొత్త నీళ్ల ఉప్పు సాంద్రత 1.025 దగ్గర, వేడి ట్యాంకుతో సమానంగా ఉందో లేదో పోసే ముందు చూసుకోండి.

సున్నా కోసం పరిగెత్తకండి. పగడాల దిబ్బల దగ్గరి సముద్రంలో నైట్రేట్ 1 పీపీఎం కూడా ఉండదు నిజమే, కానీ అక్కడ తిండి నీటిలో కొట్టుకొస్తూనే ఉంటుంది. మన ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయితే కోరల్స్ పాలిపోతాయి, గోధుమరంగు జిగురులాంటి డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) దిగుతాయి. పీచు నాచు కంటే వాటిని వదిలించుకోవడం కష్టం. మీ జోయాంథిడ్స్, లెదర్ 5 నుంచి 15 మధ్య హాయిగా ఉంటాయి. చేపల గురించి బెంగ వద్దు, అవి 80ని కూడా ఓర్చుకుంటున్నాయి కదా.

కొత్త చేప వద్దు. మీ నాలుగడుగుల ట్యాంకుకు ఆ ట్యాంగ్ ఒక్కటే ఎక్కువ. 15 శాతం మార్పుతో నైట్రేట్ వరసగా రెండు నెలలు 15 దాటకుండా ఉంటే అప్పుడు అడగండి, అదీ వేలెడంత గోబీ చేప లాంటిదైతేనే.